వంగనివాళ్ళకు పెట్టిన పేర్లు

మొన్న ఆదివారం మనవరాలు హోంవర్క్ ముందేసుకుని, తన అమెరికా యాసలో, "అమ్మమ్మా, రిజిడ్ అంటే గుడ్ వర్డా, బ్యాడ్ వర్డా?" అని అడిగింది. వంగనిది అని అర్థం చెప్పగలిగాను గానీ, మంచిదో చెడ్డదో చప్పున చెప్పలేకపోయాను.

అమెరికాలో నోవై అనే ఊళ్ళో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అది మంచి మాటే. కారు సీట్లను అడుగున బిగించే ఇనుప బ్రాకెట్లను పరీక్షించే ల్యాబ్ మాది. యంత్రం ఎంత లాగినా వంగని ముక్కను మా మేనేజరు రిజిడ్ అంటూ ముద్దుగా తట్టేవాడు. మాతోపాటు గుంటూరు వైపు అబ్బాయి ఒకడు పనిచేసేవాడు. నన్ను నోరారా అక్కా అనేవాడు, శనాదివారాలు మా ఇంట్లోనే భోంచేసేవాడు.

ఒక చలికాలం కొత్త బ్రాకెట్ ఒకటి ఉండవలసినదానికంటే ఎక్కువ వంగింది. మరో ముక్క బిగించి చూశాను, అదీ వంగింది. కస్టమరు తొందరపెడుతున్నాడు, పాస్ చేసెయ్యమన్నాడు మేనేజరు. చెయ్యనన్నాను. నువ్వు మరీ రిజిడ్ అన్నాడాయన నవ్వుతూనే. అంతవరకూ ఇనుముకే విన్న మాట ఆ రోజు నా మీద పడింది.

సాయంత్రం పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతూ ఆ గుంటూరు తమ్ముడు, "కొంచెం అడ్జస్ట్ అవ్వక్కా, మన హెచ్‌వన్ వీసాలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి" అన్నాడు.

"ఆ సీట్లో రేపు ఎవరి పిల్లలు కూర్చుంటారో నీకు తెలుసా?" అన్నాను.

మర్నాడు ఆ బ్రాకెట్‌ను అతనే పాస్ చేశాడు.

ఆ ఏడు నా పనితీరు రివ్యూలో అదే రిజిడ్ మాట రాశారు, మంచు కరగకముందే ఉద్యోగం తీసేశారు. ఇంటిల్లిపాదీ నా వీసా మీదే ఉన్నాం కనుక, వేరే రాష్ట్రంలో, నేపర్‌విల్‌లో దొరికిన కంప్యూటర్ పనికి పరుగెత్తాం. మా అమ్మాయి స్నేహితురాళ్ళను వదల్లేక దారి పొడవునా ఏడ్చింది. మావారు నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేదనిపించింది.

కొన్నేళ్ళకు ఒక పెళ్ళిలో, అప్పటికి మేనేజరైన ఆ గుంటూరు అబ్బాయి గురించి అతని కింద పనిచేసే కుర్రాళ్ళు, "సార్ చాలా ఫర్మ్ అండీ, నో అంటే నోనే" అని మెచ్చుకుంటుంటే విన్నాను. అదీ వంగకపోవడమే. పైవాడు కాదంటే ఒక మాట, కిందివాళ్ళు కాదంటే ఇంకో మాట అని ఆ పూట తెలిసింది. అతను నన్ను చూసి, "బాగున్నారా అండీ" అని పక్కకు తప్పుకున్నాడు.

ఇప్పుడు నోవైలో వీధికో తెలుగు ఇల్లుందట, ఆపదొస్తే ఫోన్ చెయ్యడానికి పదిమంది ఉంటారట. ఆ రోజుల్లో మాకున్నది ఒక్కడే. వాణ్ణి తమ్ముడనుకున్నాను.