జోళ్లమ్మ రాసిన పేజీ

పిల్లలూ, మీకు తెలుగు చదవడం రాదని ఇలా ఫోన్లో మాట్లాడి పంపుతున్నాను. పెద్దదానా, ముఖ్యంగా నీకే ఇది. నర్సు ట్రైనింగులో పాత పుస్తకాలు చూపించడానికి పెడుతున్నారు, 'మీ అమ్మ కాన్పుల పుస్తకం పంపు అమ్మమ్మా' అన్నావు కదా. చెన్నై ఓడకి ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు, పంపుతాను. కానీ దాని గురించి ఎవరికీ చెప్పని సంగతొకటి ఉంది. మీ అమ్మకి కూడా తెలీదు. అది చెప్పాకే పంపుతాను.

మా అమ్మ బాంబూఫ్లాట్‌లో కాన్పులు చేసేది. తెలుగువాళ్లూ బెంగాలీలూ అందరూ 'దాయీ అమ్మా' అనేవారు. అమ్మకి అక్షరం ముక్క రాదు. ఆ పుస్తకం వాళ్లమ్మ ఓడలో ఈ దీవులకొచ్చినప్పుడు ట్రంకుపెట్టెలో తెచ్చుకుందంట. మొదటి పేజీలో రాసినావిడ ఫోటో ఉంటుంది, చూస్తావుగా. మన తెలుగావిడే, సముద్రానికి అటు ఒడ్డున ఆసుపత్రిలో కాన్పులు చేసేది. చీర కట్టుకుని కాళ్లకి నల్ల బూట్లు! ఆడమనిషికి బూట్లేటని అమ్మకి ఒకటే నవ్వు, జోళ్లమ్మ అని పేరు పెట్టేసింది.

"ఏమ్మా జోళ్లమ్మా, ఇవాళ ఏం చెప్తావ్?" అని ఫోటోని అడిగి, నాకేసి తిరిగి, "చదవవే" అనేది.

నాకప్పుడు పన్నెండేళ్లు. బళ్లో అంతా హిందీ. తెలుగంటే సండే స్కూల్లో పాటల పుస్తకం చూసి నేర్చుకున్నదే. కూడబలుక్కుని చదివేదాన్ని. అమ్మ చేపలు తోముతూ వినేది. ఒకసారి వింటే చాలు, మర్చిపోయేది కాదు. కత్తెర మరగబెట్టమని జోళ్లమ్మ చెప్పిందని గంజి గిన్నెలో వేసేసింది. "అన్నం వండే గిన్నెలో కత్తెరేటే, పాగల్!" అని నాన్న అరిచినా వినలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక చదవడానికి కూర్చున్నాం. నాన్నా, ఆయన స్నేహితులూ వరండాలో పేకాడుతున్నారు. మాది చెక్కలిల్లు, అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. బిడ్డ పుట్టాక తల్లికి నెత్తురాగకపోతే ఏం చెయ్యాలి, అదీ ఆ పేజీ. పక్కన బొమ్మ కూడాను. ఆ మాటలు మగాళ్ల చెవిన పడేలా చదవాలంటే సిగ్గుతో చచ్చిపోయాను. రెండు కాగితాలు కలిపి తిప్పేశాను. అవతల బిడ్డకి నీళ్లు పొయ్యడం గురించి ఉంది. అది గట్టిగా చదివాను. అమ్మకి తెలీలేదు.

ఆ వానాకాలమే, మా ఇంటికి రెండిళ్ల అవతలుండే దీదీకి తొలి కాన్పు. రోజూ నాకు జడ వేసేది ఆ పిల్ల. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. అందరం నవ్వుకున్నాం. కాసేపటికి నెత్తురు మొదలైంది, ఆగలేదు. పెద్దాసుపత్రికి బోటెక్కి వెళ్లాలి. సముద్రం బాగోలేదని బోట్లు ఆపేశారు. అమ్మ నడుముకి గుడ్డ బిగించింది, కాళ్ల కింద దుప్పట్లు ఎత్తు పెట్టింది. ముర్రుపాలు పట్టకూడదని మనవాళ్ల పద్ధతి కదా, బిడ్డకి ఆముదం చుక్క నాకించి పక్కన పడుకోబెట్టారు. దీదీ "పిన్నీ, చలేస్తోంది" అంది. మళ్లీ మాట్లాడలేదు. బోట్లు మొదలయ్యేసరికి అంతా అయిపోయింది. బిడ్డ మాత్రం బతికింది, వాళ్ల అమ్మమ్మ పెంచుకుంది.

అమ్మ ఇంటికొచ్చి చేతులైనా కడుక్కోకుండా, "పుస్తకం తియ్యవే. దీనికేం రాసిందో చూడు" అంది.

తీశాను. మనసులో చదువుకున్నాను. పొట్ట మీద చెయ్యేసి గట్టిపడేదాకా రుద్దాలి. బిడ్డని వెంటనే రొమ్ముకి పట్టించాలి. అంతే పెద్దదానా. మందూ అక్కర్లేదు, బోటూ అక్కర్లేదు. అది చేస్తే బతికేదో లేదో దేవుడికి తెలుసు. చేసి చూడ్డానికైనా అమ్మకి తెలియాలి కదా.

"ఏమీ రాయలేదమ్మా" అన్నాను.

అమ్మ మొదటి పేజీ తిప్పి ఫోటో చూసింది. "ఇంత రాశావు, ఇదొక్కటీ ఎలా మర్చిపోయావే తల్లీ?" అంది. పుస్తకం తీసుకెళ్లి దుప్పట్ల అడుగున పెట్టేసింది. మళ్లీ చదవమనలేదు. కాన్పులు మానలేదు గానీ, బిడ్డ బయట పడ్డాక మాటిమాటికీ తల్లి కింద గుడ్డ తీసి నెత్తురు చూసుకునేది. నేను చూశాను.

పెళ్లయి, మీ అమ్మ పుట్టాక గానీ ఆ పుస్తకం ముందుమాట చదవలేదు నేను. జోళ్లమ్మ సొంత చెల్లెలు అలాగే, నెత్తురాగక, ఆవిడ కళ్లముందే పోయిందంట. అందుకే ఆ పుస్తకం రాసిందంట. అలాంటి మనిషి మీద మర్చిపోయిందన్న నింద వేశాను నేను.

అమ్మ ఆఖరి రోజుల్లో షాదీపూర్‌లో, మా ఇంట్లోనే ఉంది. ఈసారి చెప్పేద్దామని పుస్తకం పట్టుకుని మంచం దగ్గర కూర్చున్నాను. "అమ్మా, ఇందులో ఒక పేజీ..." అన్నానో లేదో, నా చెయ్యి పట్టుకుంది.

"జోళ్లమ్మదా? పాపం, ఒక్క మనిషి ఎన్నని గుర్తుపెట్టుకుంటుందే. ఎప్పుడో ప్రార్థన చేసుకుని క్షమించేశాను. నువ్వూ ఆవిణ్ణి ఏమీ అనుకోకు."

చెప్పకుండానే పుస్తకం మూసేశాను. నాలుగు రోజులకి అమ్మని మట్టిలో పెట్టి వచ్చాం.

నువ్వు ఇదంతా చదువుకునే ఉంటావులే, మీకిప్పుడు ఇంజక్షన్లున్నాయి. అయినా ఆ పుస్తకం బల్ల మీద పెట్టినప్పుడు ఎవరైనా అడిగితే, ఈవిడ ఏదీ మర్చిపోలేదని చెప్పు.

కళ్లజోడు పెట్టుకున్నాను. ఆ పేజీ తీశాను, నీకు చదువుతాను. ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నా సరే, గట్టిగానే చదువుతాను.