పేరు తెలియని తెల్ల మాత్ర

కువైట్‌లో ఒకరింట్లో పనిచేసే మా అక్క పొద్దున్నే వాట్సాప్‌లో ఫొటో పంపింది. అరచేతిలో ఒక తెల్ల మాత్ర. కొలెస్ట్రాల్‌కు రోజూ వేసుకునేదే. అయిపోవచ్చిందట, అక్కడి మందుల షాపులో పేరు అడిగారట. అక్క కువైట్ పోయేటప్పుడు పచ్చళ్లకూ కారప్పొడికీ పెట్టెలో చోటు చాలక, మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి ఒలిచి చిన్న డబ్బాలో పోసి పంపాం. మందుల చీటీ ఇల్లంతా వెతికినా దొరకలేదు.

ఆ ఫొటో పట్టుకుని కడపలో మేమెప్పుడూ కొనే మెడికల్ షాపుకు పోయాను.

"ఇట్లాంటి తెల్ల మాత్రలు శానా ఉండాయప్పా. ఫొటో చూసి యాదని చెప్పేది? డాక్టరునే అడుగుపో" అన్నాడాయన.

ఆ చిరాకంతా ఫోనులో అక్క మీద చూపించాను. "ఇన్నేండ్ల నుంచి మింగుతాండావు గదక్కా, పేరన్నా తెలీదా?"

అక్క మెల్లగా అంది: "ఈడ మేడం వాళ్లమ్మకు మాత్రలేసేది నేనే గదరా. ఆమె కొలెస్ట్రాల్ మాత్ర పేరు, పవరు, ఎప్పుడెయ్యాల్నో అన్నీ నేర్పించినారు. నాది నాకు ఎవురు చెప్పినారు?"

మీ ఇంట్లో ఎంతమందికి తాము మింగే మాత్ర పేరు తెలుసో ఈ రాత్రికే అడిగి చూసి కామెంట్లో చెప్పండి.

మా ఇంట్లోనైతే పచ్చడి సీసాలకే ఆ భాగ్యం. ఏది మామిడికాయో, ఏది గోంగూరో అక్క తికమకపడకూడదని ఒక్కోదానికీ చీటీ అంటించి మరీ పంపాం.