ఇంటిపేరు లేని రొయ్య కోసం తిరువొత్తియూరు పోయొచ్చాం

అందరూ ఎట్లా ఉండారు? మోకాళ్ళ నొప్పులని రాసిన నెల్లూరు చెల్లీ, కాస్త నయమేనా? బీపీ మాత్రలు మానేస్తానన్న మైలాపూరు అన్నయ్యా, మానలేదు గదా? చంటిపిల్లకు జ్వరమన్న తల్లీ, తగ్గకుంటే ఇది చదవడం ఆపి ముందు డాక్టరు దగ్గరికి పో. నాకు గుండెదడ ఎప్పుడూ ఉండేదే.

మా మనవరాలు వసుధ సముద్రంలో చిన్న చిన్న రొయ్యల మీద చదువుతుంది. రామేశ్వరం పక్క పగడాల దిబ్బలో బియ్యపు గింజంత రొయ్య ఒకటి దొరికిందంట. "మనకు ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు గదవ్వా, వీటికీ అంతే. ఉన్న ఇంటిపేర్లేవీ దీనికి సరిపోవడంలేదు, కొత్తది పెట్టాలి" అనింది. అంతవరకు నాకు అర్థమైంది. అయితే వసుధ దగ్గరుండేది ఒక్క ఆడ రొయ్యే. మగదాని కాళ్ళు కూడా చూపిస్తేగాని పెద్ద చదువులోళ్ళు ఒప్పుకోరంట. వసుధ వాళ్ళ కోసం నీళ్ళలో మునిగే సెల్వం అనే అబ్బాయి ఆ దిబ్బలోనే మగదాన్ని పట్టి, వసుధ ఇచ్చిన స్పిరిట్ బాటిల్లో వేసి, మా ఊరి ఉత్తరపు కొసన తిరువొత్తియూరులో వాళ్ళింట్లో పెట్టినాడు. వాడు పంపిన ఫొటో చూసి పిల్ల ఎగిరి గంతేసింది. ఒక్కతే సముద్రం ఒడ్డుకు పోతానంటే నాకు మనసొప్పలేదు, నేనూ బయలుదేరినా.

సౌకార్‌పేట నుంచి మన్నడి దాకా ఆటో, ఆడ నుంచి మెట్రో. పొద్దున తొమ్మిదికి ముందే ఎక్కితే కూర్చోను చోటు దొరుకుతుంది. కదిలే మెట్లంటే నాకు భయం, లిఫ్టులో దిగినాం. స్టేషను నుంచి సెల్వం వాళ్ళ కుప్పానికి, అదే బెస్తోళ్ళ పల్లెకు, వంద రూపాయలడిగిన ఆటో అబ్బాయి, "మనలి ఫ్యాక్టరీల గాలి ఇటు తిరిగింది, కొంగు అడ్డం పెట్టుకో పాట్టీ" అన్నాడు. ఆ కంపుకు దోవంతా పిల్ల ఊపిరితిత్తుల గురించే దిగులు నాకు.

సెల్వం అమ్మ మునెమ్మ ఎదురొచ్చింది. "రాక్కా. పాపా, నీ రొయ్య భద్రం" అని కాగితం పొట్లం తెచ్చింది.

"బాటిలు ఏది పెద్దమ్మా?" అనింది వసుధ.

"సారాయి కంపు కొట్టింది. మావోడు మళ్ళీ మొదలుపెట్టినాడని పారబోసినా. లోపల ఇది కనబడింది. చెడిపోతుందే అని ఉప్పేసి ఎండబెట్టినా."

లోపలి నుంచి సెల్వం పరిగెత్తుకొచ్చినాడు. "అయ్యో అమ్మా! అది కొళంబు పులుసులో వేసేదా?"

"నువ్వు తాగేవాడివి కాకుంటే నేనెందుకు మూత తీస్తానురా?"

వసుధ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "కాళ్ళన్నీ పొడైపోయినాయవ్వా" అనింది. తర్వాత సెల్వం వైపు తిరిగి, "ఇంకొకటి దొరకదా అన్నా?" అనింది.

"ఏడమ్మా? నీళ్ళు వేడెక్కి ఆ దిబ్బంతా సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. మొన్న మునిగి చూసినా. ఒక్కటీ కదల్లేదు."

మునెమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. "నీ తప్పు కాదు పెద్దమ్మా" అని వసుధ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఇంక మిగిలింది ఆ ఆడదొక్కటే. మగది లేకుండానే పెద్ద చదువులోళ్ళను ఒప్పించాలంటే, దానికి ఒక పక్క కాళ్ళూ నోటి భాగాలూ ఊడదీసి, ఇది కొత్త ఇంటిదని వాటితోనే రుజువు చెయ్యాలంట. చెయ్యి తప్పితే అదీ పోతుంది. పుట్టిన బిడ్డకు పేరు పెట్టేటప్పుడు పదిమందీ ఉంటారు. దీనికి ఇంటిపేరు పెట్టేనాటికి ఆ ఇంట్లో ఒక్కటన్నా బతికుందో లేదో. అదే తలుచుకుంటా వచ్చినా.

మీరెవరైనా ఇట్లాంటివి ఒకరింట్లో పెడితే, బాటిలు మీద రాస్తే చాలదు. ఇంట్లో పెద్దావిడకు అదేందో నోటితో చెప్పి రండి.

గురువారం పొద్దున ల్యాబులో వసుధ ఆ ఆడదాని కాళ్ళు ఊడదీస్తుంది. "పక్కనుండవ్వా" అనింది. ఆ రోజు మేం వాళ్ళ గడప దాటేటప్పుడు మునెమ్మ కూడా, "నేనూ వస్తానక్కా, ఆడ ఊరికే కూర్చుంటా" అనింది. గురువారం ముగ్గురం పోతాం.