ముప్పై పడవలు, పది పడవలు

ఏ దేశానికి ఎన్ని యుద్ధనౌకలు, ఎన్ని ట్యాంకులు ఉన్నాయో ఇరవై ఏళ్లుగా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. అంకెలు చూస్తే గెలిచేదెవరో తెలిసిపోతుందని నా నమ్మకం. మా కర్నూలుకు చాలా దూరంగా, అనకాపల్లి నుంచి సముద్రం వైపు వెళ్లే షేర్ ఆటోలో, బెల్లం పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఓ మత్స్యకారుడికి అదే చెప్పాను.

"అయితే సెప్పండి బాబూ. మా ఊరికి ముప్పై పడవలు, పక్కూరికి పది. ఎవులు గెలుత్తారు?"

"మీరే. మూడింతల బలం."

"మరి మా వల ఆళ్లెందుకు అట్టుకుపోయేరు?"

తమ ఊరి నీళ్లలో వేశాడని పక్కూరివాళ్లు లాక్కున్నారట. ఆ వల లేకపోతే మర్నాడు ఇతనికి వేట లేదు. అయినా ముప్పై పడవలూ ఒడ్డునే ఉన్నాయి. బెల్లం పట్టుకుని ఇతనొక్కడే బయల్దేరాడు.

"కొట్టడానికెల్తే అక్కడున్నోడు మా బామ్మర్ది. మా సెల్లిని ఆడికిచ్చేం. ఆడి అప్పని నేను సేసుకున్నాను."

అప్ప అంటే ఇక్కడ అక్క.

"గొడవైతే?"

"మా ఆడది అటెల్లిపోద్ది, మా సెల్లి ఇటొచ్చేత్తాది. రెండిళ్లలోనూ పొయ్యి ఎలగదు."

రెండు దేశాల దగ్గరా అణుబాంబులుంటే యుద్ధం రాదని నేను చాలా పుస్తకాల్లో చదివాను. ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

ఆటో ఆగేసరికి ఆ బావమరిది వల భుజాన వేసుకుని రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు.

"మా అప్ప ఫోన్ సేసింది బావా," అన్నాడు నేల చూస్తూ. "బెల్లం తెచ్చేవా?"

ఆ రెండు ఊళ్ల బలాబలాలు రాసుకుందామని నోటుపుస్తకం తీశాను. పడవలకు గడి ఉంది. ఆ అక్కకు లేదు.