బోర్లించిన తునికాకు

మే నెలలో బస్సు పెనుబల్లి దాటి అడవి వైపు తిరగగానే, ఎండుతున్న తునికాకు వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. బీడీలు చుట్టే ఆ ఆకును కట్టలు కట్టి కళ్లంలో వరసగా పరుస్తారు. ఎండ పడ్డకొద్దీ దానికి పాత పుస్తకం వాసన వస్తుంది. పక్కసీట్ల వాళ్లు ఆ గాలికి కునుకు తీస్తారు. నాకు మాత్రం ఇరవైకి వచ్చిన సున్నా గుర్తొస్తుంది, ఆ సున్నా వేసిన రూతు మేడం గుర్తొస్తుంది. నాకు జరిగిన అన్యాయాలను నేను మరిచిపోను. నాలుగో తరగతిలో నా పలక పగలగొట్టినవాడి పేరు, ఒక పెళ్లి పంక్తిలో నా విస్తరిని దాటేసి పోయిన వడ్డన మనిషి ముఖం ఇప్పటికీ చెప్పగలను. మేడం మీద ఫిర్యాదు మాత్రం వేరు. అందులో నేనే గెలిచాను. అయినా అది నన్ను వదల్లేదు.

రెండువేల ఆరులో నేను భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది బోనకల్ వైపు పల్లె, హాస్టల్లో ఉండేవాణ్ణి. రూతు మేడం మాకు ఇంగ్లీషు చెప్పేవారు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి రెన్యూవల్. రోజూ చండ్రుగొండ నుంచి బస్సులో వచ్చేవారు. తండ్రి అడవి పల్లెల్లో పాస్టరు కావడంతో ఆవిడకు కోయ భాష చిన్ననాటి నుంచే వచ్చు. ఆ ఏడు మా ప్రాజెక్టుకు ఆవిడ ఒక సైన్స్ ఫిక్షన్ నవల పెట్టారు. ఉన్నది ఒక్కటే కాపీ, అట్ట కూడా లేదు. మధ్యాహ్నాలు కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయాక ఆవిడ ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, పుస్తకం మూసి, అదే సంగతి తెలుగులో మెల్లగా చెప్పేవారు. కిటికీ అవతల టేకాకులు రాలుతుండేవి. సగం నిద్రలో వింటున్న మాకు ఆ గ్రహం ఆ టేకు చెట్ల వెనకే ఉన్నట్టుండేది.

కథ ఇది. మనుషులు తయారుచేసిన ఆలోచించే యంత్రం ఒకటి దూరపు గ్రహంలో దిగుతుంది. అక్కడ రాళ్ల మీద నాచులా పరుచుకున్న ప్రాణులుంటాయి. యంత్రం వాటిని వేల ఏళ్లు ప్రశ్నలడుగుతుంది. ప్రతి ప్రశ్న కిందా జవాబు రాలేదని రాసుకుంటుంది. అదే కాలమంతా ఆ ప్రాణులు యంత్రం మీద పడే వాన వరసను మారుస్తూ ఉంటాయి. అది వాటి మాట. యంత్రం దాన్ని వాతావరణం కింద జమకట్టుకుంటుంది.

నేను లేచి, జవాబే ఇవ్వనివాటికి తెలివుందని ఎలా నమ్మాలని అడిగాను.

"అవి మాట్లాడుతనే ఉన్నయి వెంకన్నా," అన్నారు మేడం. "దానికే తన ప్రశ్న తప్ప ఇంకోటి వినపడదు."

"మన వెంకన్న లెక్కనే మేడం," అన్నాడు వెనక బెంచీ సైదులు. క్లాసంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు. ఆ నవ్వును నేను రాసిపెట్టుకున్నాను.

తర్వాత ఆ ప్రాజెక్టు కోసమే ఆవిడ పెట్టిన పని విచిత్రమైనది. మనకు భాష తెలియని మనిషి దగ్గర ఒక పూట కూర్చోవాలి. మధ్యలో తెలుగు చేసి చెప్పేవాళ్లు ఉండకూడదు. ఏం జరిగిందో రెండు పేజీలు రాయాలి. నన్ను ఒక కోయ గూడెంలోని ముసలావిడ ఇంటికి పొమ్మన్నారు. ఇక్కడివాళ్లను వేరే గ్రహంవాళ్లతో పోల్చడం తప్పు కాదా అని నేను వెంటనే అభ్యంతరం లేవదీశాను.

"వాళ్లు కాదయ్యా. ఆ వాకిట్ల నువ్వే వేరే గ్రహపోడివి. పోయి కూసో."

వెళ్లాను. ముసలావిడ చింతచెట్టు నీడలో తునికాకు కట్టలు కడుతోంది. యాభై ఆకులకు ఒక కట్ట. నేను నోటుబుక్కు తీసి, చేతి సైగలతో ఆవిడ వయసు, పంట, దేవుడు అన్నీ అడిగాను. ఆవిడ నా ముఖం చూస్తూ నవ్వింది. కాసేపటికి నేల తుడిచి నా ముందు మూడు ఆకులు పెట్టింది. అందులో ఒకదాన్ని బోర్లించి, దాని మీద అరచేయి ఆనించి ఉంచింది. తర్వాత కొన్ని ఆకులు నా వైపు జరిపి నా ఛాతీ వైపు వేలు చూపింది. పని నేర్పుతోందనుకున్నాను. మూడు ఆకులూ కలిపి, అన్నీ నీటుగా ఒక కట్ట కట్టి ఇచ్చాను. ఆవిడ ఆ కట్టను చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి అంబలి తెచ్చిచ్చింది.

రెండు పేజీలు కాదు, నాలుగు రాశాను. సున్నా వచ్చింది. కింద ఎర్ర సిరాతో ఒక్క వాక్యం: "ఆమె నిన్ను ఏమడిగింది?"

ఆ ఇరవై మార్కుల్లో కొన్నయినా రాకపోతే నాకు ఏడాది పోతుంది. ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాశాను. సిలబస్‌లో లేని పుస్తకం, పద్ధతి లేని మూల్యాంకనం, క్లాసులో అవమానం అని అంశాలవారీగా పెట్టాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఈ కాగితం ఫైల్లోకి వెళ్తే జూన్‌లో ఆమె రెన్యూవల్‌కు అడ్డం పడుతుందని చెప్పారు. ఉంచాలా, వెనక్కి తీసుకుంటావా అని అడిగారు. ఉంచమన్నాను. తల తిప్పితే గుమ్మంలో మేడం నిలబడి ఉన్నారు.

బయట మెట్ల మీద ఆవిడ నన్ను తిడతారనుకున్నాను. సంచీ భుజం మార్చుకుంటూ, నిన్న గూడేనికి పోయొచ్చానని చెప్పారు.

"ఆ మూడాకులు వాళ్లింట్ల మనుషులు. బోర్లించింది సచ్చిపోయిన కొడుకు. మీ ఇంట్ల ఎంతమందని అడిగిందయ్యా నిన్ను. నువ్వు అన్నీ కట్టగట్టి ఇచ్చినవంట. ఆ పిల్లగానికి ఎవ్వరూ లేరా అని నన్నడిగింది. నిన్ను పంపి తప్పు చేసిననా అని రాత్రి నిద్ర పట్టలే."

అంతే అని బస్టాండు వైపు నడిచారు. ప్రిన్సిపాల్ గది తలుపు తెరిచే ఉంది. పది అడుగులు. నేను వెళ్లలేదు.

ప్రిన్సిపాల్ నా ప్రాజెక్టుకు పదకొండు మార్కులు వేయించారు, పాసయ్యాను. జూన్‌లో ఇంగ్లీషు చెప్పడానికి వేరొకరు వచ్చారు. నా కాగితం వల్లేనా, ఆ పోస్టుకు రెగ్యులర్ మనిషి దొరికారా అన్నది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అన్నీ అడిగే నేను అదొక్కటీ అడగలేదు. చిన్నప్పటి నుంచి నా గొడవంతా ఒక్కటే, నా గురించి ఎవరూ అడగరని. అడిగిన ఒక్క మనిషి ప్రశ్నను తాడుతో బిగించి తిరిగిచ్చాను. అయినా ఆ సున్నా అన్యాయమే అంటాను. నాలుగు పేజీలకు మూడు మార్కులైనా వేయాల్సింది.

మొన్న మేలో బస్సు టైరు గాలి దిగిపోయి కళ్లం పక్కనే ఆగింది. దిగి, ఆకులు తిరగేస్తున్న ఆవిడను అడిగి గుప్పెడు తీసుకున్నాను. నేల తుడిచి ఐదు ఆకులు పరిచాను. నాన్న, తమ్ముడు, నా భార్య, నేను. ఐదోది అమ్మది. దాన్ని బోర్లించి అరచేయి ఆనించాను. ఆకు వేడిగా ఉంది.

"ఏందయ్యా అది?" అంది ఆవిడ.

"మా ఇంట్లో ఇంతమందిమమ్మా," అన్నాను.

రూతు మేడం కోసం ఇంకో ఆకు తీశాను. ఎక్కడున్నారో, ఉన్నారో లేదో నాకు తెలియదు. ఎటు పెట్టాలో తోచలేదు. డ్రైవరు హారన్ కొట్టేసరికి దాన్ని చేతిలోనే పట్టుకుని బస్సెక్కాను.