తోడు పెట్టిన మందు

బెళుగుప్ప చుట్టుపక్కల పెళ్ళంటే బుడేన్ సాబ్ సన్నాయి ఉండాల్సిందే. చిక్కల్లా ఆయన కడుపుతోనే. పెద్దపేగులో వాపు, ఏళ్ళ తరబడి వదలని జబ్బు. ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే ఘడియకు సన్నాయిని డోలు ఓబుళేసు ఒళ్ళో పడేసి పెరట్లోకి పరుగెత్తాడు. ఆ తర్వాత ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

2003లో రైతు బయ్యన్న కూతురికి పెళ్ళి కుదిరింది.

"మా నాయన పెండ్లికి మీ తాత ఊదినాడు, అందుకే నిన్ను పిలుస్తాండా బుడేనూ. తాళి కట్టేటప్పుడు మాత్రం లేస్తివా, ఇంగ ఈ పక్క పెండ్లిండ్లు మరిచిపో" అన్నాడు బయ్యన్న.

బుడేన్ సాబ్, భార్య అమీర్ బీ అనంతపురం బస్సెక్కారు. డాక్టరు పాత మాత్రలు మానొద్దని చెప్పి, కొత్తగా గొట్టం మాత్రలు ఇచ్చాడు.

"వీటిలో ప్రాణమున్న సూక్ష్మజీవులుంటాయి. మజ్జిగ తోడులో ఉండేలాంటివే. కొందరికి పేగు నెమ్మదిస్తోంది, కొందరికి ఏ తేడా లేదు. చూద్దాం."

"జబ్బులు పురుగులతోనే వస్తాయంటారు. మళ్ళా పురుగుల్నే మింగమంటాండారా సారూ?" అన్నాడు బుడేన్ సాబ్.

"కడుపులో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. మంచివాటికి తోడు పంపిస్తున్నాం."

బతికున్నాయో చచ్చాయో చూడకుండా మొగుడి కడుపులోకి పంపే మనిషి కాదు అమీర్ బీ. గోరువెచ్చని పాలలో ఒక మాత్ర విప్పి కలిపి, చట్టికి గుడ్డ కట్టింది. తెల్లారేసరికి పాలు తోడుకున్నాయి.

"బతికే ఉండాయి. ఇంగ మాత్రలెందుకు, కోళ్ళను పెంచినట్ల పెంచుకుందాం" అంది.

మిగిలిన గొట్టం మాత్రలు బియ్యం డబ్బాలోకి పోయాయి. రోజూ ఆ పెరుగుతోనే కొత్త పెరుగు, సంగటిలోకి అదే. ఏ జబ్బూ లేని ఓబుళేసు కూడా, ముందుజాగ్రత్త అంటూ వచ్చి గిన్నెడు తిని పోయేవాడు.

పెళ్ళి దగ్గరపడ్డాక మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

"మాత్రలు అయిపోయాయా?"

"లేదు సారూ, ఇంట్లో పెంచుతాండాం" అంది అమీర్ బీ, కాస్త గర్వంగానే.

విషయం విన్నాక డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకొని పాలు ఎంత వేడి, చట్టి కొత్తదా పాతదా అని వివరంగా అడిగాడు.

"నేనిచ్చినవి అందులో ఇంకా ఉన్నాయో, మీ చట్టిలోవి వాటిని తరిమేశాయో ఎవరికి తెలుసు? పెరుగు తినండి, తప్పులేదు. మందును మాత్రం మందులాగే మింగాలి. కడుపెలా ఉంది?"

"ముందుకంటే నయం సారూ. పెరుగుతోనేనా?"

"కావచ్చు. పాత మాత్రలూ కావచ్చు. జబ్బే కొన్నాళ్ళు ఊరుకుందేమో కూడా. చెప్పలేను."

అది విని బుడేన్ సాబ్‌కు ధైర్యమూ రాలేదు, పోనూ లేదు. ఆ రోజునుంచి గొట్టం మాత్రలు కూడా మింగుతూ పెళ్ళిదాకా నెట్టుకొచ్చాడు.

ముహూర్తం వేళ పెళ్ళికొడుకు చేతులను చూసినవాళ్ళు తక్కువ, బుడేన్ సాబ్ పొట్టను చూసినవాళ్ళే ఎక్కువ. అయ్యవారు కూడా మంత్రం మధ్యలో ఒకసారి తొంగి చూశాడు. మూడు ముళ్ళూ పడ్డాయి. సన్నాయి ఆగలేదు. అక్షింతలన్నీ రాలాక ఆయన సన్నాయిని గుడ్డలో చుట్టి, లేచి, గబగబా పందిరి వెనక్కు నడిచాడు. జనం తలలన్నీ అటే తిరిగాయి.

"యాడికి పోతాండావప్పా?" అన్నాడు ఓబుళేసు భయంభయంగా.

"బువ్వకు. మొదటి పంక్తి నిండిపోతాది, బిరీన రా."