బోరు నీళ్ళలో కందిపప్పు

నా భార్యకు గొంతు క్యాన్సర్‌కి కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, ముగిసి మూడు వారాలైంది. గంజి తప్ప ఏదీ దిగడం లేదు, నాలుగు రోజులుగా ఆ గంజి కూడా సగం బయటికే వస్తోంది. శుక్రవారం డాక్టరమ్మ బరువు చూసి, సోమవారానికి నోటితో తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామని తేల్చి చెప్పింది. మాధవరం బస్సులో ఇంటికి తిరిగి వస్తూ నా భార్య నా చెయ్యి పట్టుకుని గొట్టం మాత్రం వద్దంది. ముప్పై ఏళ్ళలో ఆమె నన్ను ఏదీ అడిగి ఎరగదు. ఏం చేస్తే తింటావని అడిగాను. కూరగాయలు వేసిన పప్పుపులుసైతే తింటానంది.

జార్జి టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్లో మూటలు మోసి, తర్వాత సరుకు చూసేవాణ్ణయ్యాను. గుప్పెట్లోకి తీసుకుంటే చాలు, కందిపప్పు పాతదో కొత్తదో చెప్పేస్తాను. వండడం మాత్రం రాదు. పొయ్యి దగ్గరికి వెళ్ళే అవసరం ఆమె రానివ్వలేదు, నేనూ బుద్ధిగా వెళ్ళలేదు. అంత మొనగాణ్ణి.

ఆదివారం పొద్దున్నే గుమ్మడికాయ, సొరకాయ, ముల్లంగి తెచ్చాను. కొట్లోంచి మేలైన పప్పు ముందే ఏరి తెచ్చి పెట్టాను. వంటింట్లో ఎవర్‌సిల్వర్ బిందెలో వీధికి లారీలో వచ్చే మంచినీళ్ళున్నాయి. రెండిళ్ళ అవతల ఉండే పొరుగింటి అక్క పట్టి పెడుతుంది. ఆ నీళ్ళు నా భార్య తాగడానికే ఉండాలని ముట్టుకోలేదు. కొళాయి తిప్పి, బోరు నీళ్ళు పోసి కుక్కర్ ఎక్కించాను.

ఆరు విజిళ్ళయ్యాక తెరిస్తే పప్పు పలుకుగా ఉంది. మళ్ళీ పెట్టాను, ఇంకో పది. పప్పుగుత్తితో మెదపబోతే గింజలు జారిపోతున్నాయి. విడిగా ఉడికించిన ముక్కలేమో చితికిపోయి కూర్చున్నాయి. ఒళ్ళు మండిపోయింది. పప్పును తిట్టాను, మిల్లువాణ్ణి తిట్టాను, డాక్టరమ్మను తిట్టాను, దేవుణ్ణి కూడా వదల్లేదు. ఆమె గొంతంతా పుండు. ఒక్క పలుకు గీరుకున్నా ఇక నోరు తెరవదు, రేపు గొట్టమే. అంతా మిక్సీలో వేసి తిప్పాను. చింతపండు చూపించీ చూపించనట్టు పిండి, కాచి, వడగట్టాను.

మూడు చెంచాలు మింగింది. ప్రతి చెంచాకీ నేనూ మింగాను. అప్పుడు మెల్లగా గొంతు పెగల్చుకుంది.

"బోరు నీళ్ళు పోసినావా? ఆ నీళ్ళల్లో పప్పు ఉడకదయ్యా. పప్పుకనే గదా బిందెలో పట్టి పెట్టేది."

ముప్పై ఏళ్ళు పప్పు మూటల మధ్య బతికినవాడికి ఆ సంగతి తెలియదు. సిగ్గుతో నాలుగో చెంచా పెట్టబోతే చేత్తో ఆపింది.

"ఇను. ముల్లంగి ముందు ఎయ్యాల. చింతపండు పప్పు మెదిగినాకనే. మెంతులు యాడుండాయంటే, ఎప్పుడెయ్యాలంటే..."

ఆమె ఈ పూట పులుసు గురించి మాట్లాడడం లేదని అప్పుడు అర్థమైంది. తను లేని ఇంట్లో నేను ఏం తింటానో అని చూస్తోంది. నేను నేర్చుకుంటే ఆమె వెళ్ళిపోతుందనిపించింది.

"నాకేం చెప్పొద్దు," అని కసిరాను. "నేను నేర్చుకోను. లేచి నువ్వే వండాల."

ఆమె నోరు మూసుకుని తల పక్కకి తిప్పుకుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా చెంచా ముట్టలేదు.

సోమవారం గొట్టం వేశారు. అప్పట్నుంచి మాట్లాడడం కష్టమై చేత్తోనే సైగలు చేసేది. ఆ ఏటి వానలు ఆగకముందే పోయింది.

ఇప్పుడు నా వంట నేనే చేసుకుంటున్నాను. పప్పు మెత్తగానే ఉడుకుతోంది, పులుసు మాత్రం ఆమె పులుసు కాదు. మెంతులు ఎప్పుడు వెయ్యాలి, ఎన్ని వెయ్యాలి? అడిగితే వీధిలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. ఆమె చెప్పబోయింది. నేనే చెప్పనివ్వలేదు.